ఆడికృత్తిక నాటి డ్యూటీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో వాళ్ళంటారు. ఉంటే ఉండనీ. తిరువళ్ళూరు రోడ్ల మీద రోజూ కంపెనీ వ్యాను తోలేవాడికి కోపం రాకపోతే వాడు మనిషే కాదు. కానీ మా ప్రియంక మీద మాత్రం కోపం నిలవదు. రావలసినంత వస్తుంది, వచ్చిన కాసేపటికే ఆ పిల్ల మీద జాలేస్తుంది.

ప్రియంక మా అక్క కూతురు. కార్లకు వైర్ల కట్టలు చేసే ఫ్యాక్టరీలో లైను లీడరు. ఆమె కింద పనిచేసే ఆడవాళ్ళను కడంబత్తూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తీసుకొచ్చి, మళ్ళీ దిగబెట్టడం నా పని. ఎక్కువమంది మన తెలుగువాళ్ళే, ఇంట్లో మగ్గం మూలపడ్డాక ఫ్యాక్టరీ దారి పట్టినవాళ్ళు. వ్యానులో ఏం మాట్లాడుకున్నా నా చెవిన పడకుండా పోదు.

చొక్కాకు లీడరని బిళ్ళ తగిలించుకోగానే ఎవరూ మాట వినరు. ప్రియంకకు ముందున్నామె అరిచి అరిచి గొంతు పోగొట్టుకుందే తప్ప, ఆమెను లెక్కచేసినవాళ్ళు లేరు. ప్రియంక అరవదు. ఎవరైనా వైరు తప్పుగా బిగిస్తే పక్కన కూర్చుని తనే విప్పి, మళ్ళీ బిగించి చూపిస్తుంది. ఒకసారి మనీష అనే కొత్త పిల్ల చేతిలో పెద్ద కట్ట మొత్తం పాడైంది. మేనేజరు గోపాలన్ వచ్చి చిందులు తొక్కాడు. "తప్పు నాది సార్, నేనే సరిగ్గా నేర్పలేదు" అని ప్రియంక ముందుకొచ్చి నిలబడింది. ఆ సాయంత్రం వ్యానులో మనీష ఒకటే ఏడుపు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా, ఆ రోజు నుంచి లైను లైనంతా ప్రియంక వెనకే.

అందులో తంగమ్మ అందరికన్నా పెద్దది. ప్రియంకకు వరస కాకపోయినా అత్త. తంగమ్మ మొగుడు వేలాయుధం పచ్చి తాగుబోతు. ఒకరోజు తంగమ్మ వాచిన చెంపతో వ్యానెక్కింది. తలుపు తగిలిందంది. సాయంత్రం ప్రియంక తంగమ్మతో పాటు తనూ దిగి, నన్నూ రమ్మంది. వాడికి నాలుగు తగిలించాలని చొక్కా చేతులు పైకి మడుచుకుని వెళ్ళాను నేను. ప్రియంక నన్ను వాకిట్లోనే కూర్చోబెట్టేసింది.

"మామా, తిరుత్తణి కొండ సామంటే నీకు భక్తి గదా" అంది వేలాయుధంతో, చాలా మెల్లగా. "సామికి మొక్కుకో. వొచ్చే ఆడికృత్తిక పండక్కి నువ్వూ అత్తా ఇద్దరూ కలిసి కావడి ఎత్తండి. అందాకా మందు ముట్టుకోవద్దు."

"నువ్వు చెప్పినావని మానేస్తా పాపా" అన్నాడు వేలాయుధం. "తంగం నా పక్కన నడిస్తే ఎత్తతా."

మానేశాడు! నమ్మితే నమ్మండి, లేకపోతే పొండి. బ్రాందీ షాపు ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాడు. తంగమ్మ ముఖంలోకి కళ వచ్చింది. "ఈ కృత్తిక ఒక్కటి దాటనీ, నా మొగుడు నిలబడిపోతాడు" అని వ్యానులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పేది.

సరిగ్గా ఆ కృత్తికకే వచ్చిపడింది అర్జెంటు ఆర్డరు. ఏటా ఆ రోజు సగం లైను కొండ మీదే ఉంటుంది, కంపెనీ సణుక్కుంటూ ఊరుకుంటుంది. ఈసారి గోపాలన్ ప్రియంకను పిలిచి, ఆ రోజు లైను నిండా నడిపిస్తే సూపర్‌వైజరు పోస్టు నీదేనన్నాడట. "వాళ్ళు నా మాట దాటరు సార్" అని చెప్పి వచ్చింది మా పిల్ల.

ఆ సాయంత్రం వ్యానులో కమ్మీ పట్టుకుని నిలబడింది. "ఎవురూ కృత్తికకు లీవు పెట్టొద్దండి. నా కోసరం, ఈ ఒక్కతూరి."

మొదట మనీషే "సరేక్కా" అంది. తర్వాత ఒక్కొక్కరూ సరే అన్నారు. నేను అద్దంలో తంగమ్మనే చూస్తున్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "నువ్వడిగితే కాదంటానా తల్లీ" అంది.

అందరూ దిగాక బండి పక్కకు ఆపాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"నీకు బుద్ధుందా? ఆయమ్మను వొదిలెయ్యి. ఆ మొక్కు పెట్టించిందే నువ్వు గదా!"

"ఒకరిని వొదిలితే అందురూ అడగతారు మామా. అయినా వేలాయుధం మామ ఇప్పుడు మారినాడు. ఒక్కడే పోయొస్తాడులే."

ఆ మాటలో తప్పేముందో అప్పటికప్పుడు నాకూ తట్టలేదు. పోస్టు కోసమే అందని అనుకునేరు. తన మాటకు ఇంత బలముందని చూసుకుని ఆ పిల్ల మురిసిపోయింది, అంతే.

కృత్తిక రోజు పొద్దున కడంబత్తూరు రైల్వే గేటు దగ్గర హారన్ కొట్టాను. తంగమ్మ వచ్చింది. వెనకే వేలాయుధం, పచ్చ పంచె కట్టుకుని, రెండు భుజాల మీదా రెండు పూల కావిళ్ళతో. పెళ్ళాం చివరి నిమిషంలో మనసు మార్చుకుంటుందని ఆశ కాబోలు. తంగమ్మ వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కేసింది. "హరోం హరా" అని అరుచుకుంటూ కొండకు పోయే ఓ గుంపు మా పక్కనుంచే స్టేషను వైపు పోయింది. వేలాయుధం మాత్రం కదల్లేదు.

ఆ రోజు లైను నిండా నడిచింది. గోపాలన్ మిఠాయిలు పంచాడు. సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి రెండు కావిళ్ళూ ఆటో స్టాండు గోడకు ఆనించి ఉన్నాయి. పూలు వాడిపోయాయి. మనిషి ఎక్కడున్నాడో తంగమ్మ ఎవరినీ అడగలేదు. దిగి, రెండూ తనే మోసుకుంటూ ఇంటి దారి పట్టింది.

తాగేవాడికి సాకు కావాలి, ఈ సాకు కాకపోతే ఇంకోటి. ఆ మాట ప్రియంకకు లక్షసార్లు చెప్పాను. తలూపుతుంది, నమ్మదు. మళ్ళీ వేలాయుధం ఇంటికి వెళ్ళింది కూడా. "నువ్వే గదా పాపా, డ్యూటీ పెద్దదంటివి" అని లోపలికి పోయి పడుకున్నాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? సూపర్‌వైజరు పోస్టు వచ్చింది. లైనులో ఎవరూ ఎదురు చెప్పలేదు, పని తగ్గించలేదు. అందరూ మేడం అని పిలవడం మొదలుపెట్టారు. ఇంట్లో ప్రియంక అన్నం ముందు కూర్చుని ఏడ్చిన రోజులున్నాయని మా అక్క చెప్పింది.

ఏడాది తిరిగింది. ఈసారి ప్రియంక గోపాలన్‌తో గొడవపడి మరీ లైనుకు సెలవు సాధించింది. కంపెనీ వ్యానే కొండకు పోవాలని పట్టుబట్టింది. కృత్తిక పొద్దున బండి నిండా పచ్చచీరలు, పూలు, ఒకటే కోలాహలం. లైను పిల్లలు మళ్ళీ ఆమెతో నవ్వుతూ మాట్లాడుతున్నారు. హమ్మయ్య, అనుకున్నాను.

గేటు దగ్గర తంగమ్మ ఒక్కతే నిలబడి ఉంది, ఇంట్లో కట్టుకునే పాత చీరతో. ప్రియంక గబగబా దిగింది.

"రా అత్తా, ఎక్కు. మామ యాడ?"

"పండుకోనుండాడు మేడం."

"పోనీ, నువ్వన్నా రా."

"నాకేం మొక్కు లేదు మేడం. ఇద్దరం కలిసి ఎత్తాలని గదా మొక్కుకొనింది." తంగమ్మే మళ్ళీ అంది, "మీరు రమ్మంటే వొస్తాను. చెప్పండి, ఎక్కాల్నా?"

ఎత్తిపొడుపు కాదది. ఎత్తిపొడిచినా బాగుండేది, నేనైనా ఒక మాట అనేవాణ్ణి. నిజంగానే అడిగింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి, ప్రియంక నోటి నుంచి ఏమొస్తుందా అని చూస్తూ నిలబడింది.

"ఇంటికి పో అత్తా" అంది ప్రియంక.

"సరే మేడం" అని తంగమ్మ కాలు తీసి ఇంటికి వెళ్ళిపోయింది.