నాలుగు వందల నలభై అయిదు రోజుల ఏడాది

మా ఆయన శశికాంత్ ఉద్యోగం పోయి నలభై రెండు రోజులైంది. అరవై రోజుల్లోపు ఇంకో కంపెనీ వీసా కాగితాలు వేయకపోతే అమెరికా విడిచి వెళ్లాలి. రోజూ పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని, ఆఫీస్‌కి వెళ్తున్నట్టే మా ఊరు నోవైలోని లైబ్రరీకి వెళ్తారు. తొమ్మిదో తరగతి చదివే మా వేదకి ఏమీ తెలియదనుకున్నాం. ఫ్రిజ్ మీది తెలుగు క్యాలెండర్‌లో గడిచిన రోజులు కొట్టేయడం నా పని.

ఆ క్యాలెండరే మా కొంప ముంచింది. మేలో ఆయనకు ఆఫర్ లెటర్ వచ్చింది. సంతకం పెట్టేస్తానంటే నేను తిథి చూశాను. అధిక జ్యేష్ఠం! మూడేళ్లకోసారి ఊడిపడే ఆ అదనపు నెలలో ఏ మంచి పనీ మొదలుపెట్టకూడదు. "జూన్ పదహారు దాకా ఆగలేరా? టైమ్ అడగండి," అన్నాను. అడిగారు. వాళ్లు సరేనన్నారు, వారం తిరక్కుండానే హైరింగ్ ఆపేశామని మెయిల్ పెట్టారు. నా నోరు పడిపోను!

నిన్న సాయంత్రం వేద స్కూల్ ప్రెజెంటేషన్ మా ముందు ప్రాక్టీస్ చేసింది.

"ఫార్టీసిక్స్ బీసీ. రోమ్‌లో క్యాలెండర్ సీజన్స్‌తో మ్యాచ్ అవ్వలేదు. సో సీజర్ నైంటీ డేస్ యాడ్ చేశాడు. ఆ ఇయర్ టోటల్ ఫోర్ ఫార్టీఫైవ్ డేస్! అప్పుడే రోమ్‌లో ఫస్ట్ టైమ్ జిరాఫీని చూశారు. స్పాట్స్ ఉన్న క్యామెల్ అనుకున్నారు."

తొంభై రోజులు ఊరికే ఇచ్చేశాడట. నాకు ఏడుపొచ్చింది.

వేద కార్డులు పక్కన పెట్టింది. "నాన్నా, అమ్మ క్రాస్ చేసేది మన సిక్స్టీ డేసే కదా? నా ఫ్రెండ్ ఈషాన్ వాళ్ల ఫ్రిజ్ మీద కూడా ఇలాగే డేస్ క్రాస్ చేసిన క్యాలెండర్ ఉండేది. వాళ్లు వెళ్లిపోయారు."

వేద అక్కడితో ఆగలేదు.

"ఆఫర్ వచ్చింది, నేను విన్నాను. వెయిట్ చేయమని ఎవరు చెప్పారు?"

"నేనేరా తల్లీ," అన్నారాయన, నా వైపు చూడకుండా. "ఇంకా మంచిది వస్తుందనుకున్నా."

ఆ అబద్ధం నాకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

"కాదే, నేనే," అన్నాను. అధిక మాసం సంగతంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అది క్యాలెండర్ దగ్గరికెళ్లి అధిక మాసం ఆఖరి రోజు, జూన్ పదిహేను మీద వేలు పెట్టింది.

"అమ్మా, ఈ మంత్‌లో ఏదీ స్టార్ట్ చేయకూడదంటే, వెళ్లిపోవడం కూడా స్టార్ట్ చేయకూడదు కదా?"

మొన్న ఆదివారమే అటక మీది సూట్‌కేసులు దించాను. అప్పుడు తిథి చూడలేదు.