సంచి మీది మాట

నేను కిరసనాయిలు గుడ్డతో అచ్చు ఫ్రేము తుడుస్తుంటే మా అత్త లాడ్లీ బేగం రోజూ అనే మాటే మళ్లీ అంది. "గా చేతులతోటే పిండి పిసుకుతవు. ఇఫ్తారు రొట్టెలకు గూడ గదే వాసనొస్తది." సబ్బుతో ఎంత రుద్దినా ఆ వాసన పోదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఫ్రేము ఆమె కొడుకుది, సంచులు ఆమె కొడుకువి, వాసన మాత్రం నాది.

మోత్కూరులో మా ఆయన మొయినుద్దీన్‌ది ప్లాస్టిక్ సంచుల వ్యాపారం. పట్నం నుంచి నల్ల సంచులు కట్టలకొద్దీ తెచ్చి, వాటి మీద తెల్లరంగుతో అచ్చు వేసి, కిరాణా కొట్లకూ కూరగాయల వాళ్లకూ అమ్ముతాడు. మొదట్లో అచ్చు వేయడానికి చెన్నయ్య అనే మనిషి ఉండేవాడు. మా చిన్నపిల్ల పుట్టిన ఏడు అతన్ని మాన్పించాడు. "ఇంట్ల మనిషి ఖాళీగుండంగ కూలి మనిషెందుకు" అన్నాడు. ఖాళీ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. చీకటితో లేచి వండి, పిల్లలను బడికి పంపి, అత్త కాళ్లకు నూనె రాసి, బట్టలుతికి, గిన్నెలు తోమి, ఆ తర్వాత గోడకు ఒరిగి కాసేపు కూర్చున్న మనిషిని ఖాళీగా ఉందంటారు. అప్పటి నుంచి ఫ్రేమూ, రంగు లాగే రబ్బరు బద్దా, రంగు డబ్బా నా పాలబడ్డాయి. ఊళ్లో మాత్రం అది మొయినుద్దీన్ భాయ్ ప్రెస్సు.

నేను ఆలంపూర్ పిల్లను. దగ్గరలో తెలుగు బడే ఉందని మా అబ్బా నన్ను అందులో వేశాడు. అత్తవారింట్లో అందరూ ఉర్దూ చదివినవాళ్లు. తెలుగు గలగలా మాట్లాడతారు కానీ ఒక్కక్షరం చదవలేరు. నేను పుట్టింటికి ఉత్తరం రాసుకుంటుంటే మా ఆయన "జిలేబీలు చుడుతున్నవా" అని చుట్టాల ముందర నవ్వేవాడు. లోపల మండిపోతున్నా నేనూ నవ్వేదాన్ని. అలాంటి మనిషి రెండేళ్ల కింద ఒక సాయంత్రం నా పక్కన వచ్చి కూర్చుని, సంచి మీద వేయడానికి ఒక మాట రాసిపెట్టమన్నాడు. 'మట్టిలో కలిసిపోవును' అన్నదే ఆ మాట. అట్లా రాస్తే జనం ఇష్టంగా కొంటారని పట్నం సేటు చెప్పాడట. నిజంగా కలుస్తుందా అని అడిగాను. సేటు చెప్పాక ఇంకేం అన్నాడు. నేను రాసి, బ్లేడుతో అక్షరాలు కోసి ఇస్తే, చూసి ముత్యాల్లా ఉన్నాయన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా గురించి ఆయన నోట విన్న మొదటి మంచి మాట అది. ఆ రోజంతా నేల మీద నడవలేదు నేను.

గొర్లు కాసుకునే బీరమ్మ మా వాడకట్టు మనిషే. చదువు రాదు. సంచి మీద ఏం రాసుందని అడిగితే నేనే చదివి చెప్పాను. ఇంకేముంది, ఇంట్లో తొక్కులూ పొట్టూ ఆ సంచుల్లోనే మూటగట్టి, సంచితో సహా పెంటకుప్పలో వేయడం మొదలుపెట్టింది. మాగితే అంతా మట్టే కదా అనుకుంది. ఈ ఎండాకాలం పొలానికి ఎరువు తోలడానికి కుప్ప తవ్వితే, పేడ మాగింది, పొట్టు మాగింది, సంచులు మాత్రం సంచుల్లాగే బయటికొచ్చాయి. ఆ తవ్విన కుప్ప మీద మేసిన చూలు గొర్రె ఒకటి కడుపుబ్బి చచ్చిపోయింది. కోసి చూస్తే కడుపులో ముద్దలు ముద్దలుగా అవే. బీరమ్మ ఒక సంచిని శుభ్రంగా కడిగి నా దగ్గరికి తెచ్చింది. తెల్లక్షరాలు ఒక్కటీ చెరగలేదు.

"బీబమ్మా, దీని మీద ఏమున్నదో మళ్లొకసారి సదివి చెప్పు" అంది.

నేను సంచి అందుకుని తల దించుకున్నాను. ఆమె తిట్టినా బాగుండేది. నా మొహం చూసి ఆమే సర్ది చెప్పింది. "నువ్వేం జేస్తవు తల్లీ. రాసినోడు రాసిండు, నువ్వు సదివినవు." ఆ రాసింది నేనే అని ఆమెకు తెలియదు. ఆమె వెనక్కి తిరిగి వెళుతుంటే ఏడుపొచ్చింది. మా ఆయనకు చెబితే, గొర్లు దొరికిందల్లా తింటాయి, దానికి మనమేం చేస్తామన్నాడు.

ఇప్పుడు రంజాన్ నెలలో సర్కారు కొత్త రూలు సంగతి పట్నం నుంచి కబురొచ్చింది. పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన సంచి అయితే ఆ మాట సంచి మీదే రాయాలట. నిన్న ఇఫ్తారు అయ్యాక మా ఆయన ఆ ముక్క కింద మూలకు సన్నగా రాయమన్నాడు. పైన మట్టిలో కలిసిపోవును అన్నది ఇంకా పెద్దగా ఉండాలన్నాడు. నేను రాయనన్నాను. బీరమ్మ గొర్రె సంగతి ఎత్తాను.

"గొల్లోళ్ల గొర్రె మీదున్న ఫికర్ నీకు ఇంటి మీద లేదు. రాయనంటే మూట సదురుకొని ఆలంపూర్ పో" అన్నాడు. ఆడదానికి చదువు చెప్పిస్తే గిట్లనే ఉంటదని అత్త పక్కనుంచి అందుకుంది.

పడుకున్నానే కానీ మనసు ఊరుకోలేదు. సంచి దేనితో చేసిందో సర్కారు అడుగుతోంది. ఈ ఇల్లు ఎవరి చేతుల మీద నడుస్తోందో ఎవరడిగారు? ఈ రొట్టెల మీద నా పేరు లేదు, ఉతికిన బట్టల మీద లేదు, ప్రెస్సు బోర్డు మీద అసలే లేదు. ఊరంతా తిరిగే నా చేతి గుర్తు ఒక్కటే ఉంది. అది ఒక అబద్ధం.

ఈ పొద్దున తెల్లారకముందే సహరీ తింటూ అత్త పిల్లలకు బుద్ధి చెబుతోంది, రోజాలో అబద్ధమాడితే అది ఉత్త పస్తేనని. నేను నమాజు చేసుకుని, ఫ్రేము తుడిచి, కొత్త కాగితం పరిచి రాయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం నమాజు వేళకు కట్ట మొత్తం అచ్చు వేసి తాళ్ల మీద ఆరేశాను.

మసీదు నుంచి వచ్చి మా ఆయన ఒక సంచి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. మొహం విప్పారింది. తల్లికి కూడా చూపించి, ఎంత అలిగినా దీని చెయ్యి ముత్యాలే రాస్తుందన్నాడు. ఆమె కూడా సంచిని అటూ ఇటూ తిప్పి చూసి బాగుందంది.

"ఏమని రాసినవో ఓసారి సదువు. దుకాణాల్ల అడిగితే చెప్పాలె" అన్నాడు.

నేను ఏం చదివినా నమ్ముతాడు, బీరమ్మ నమ్మినట్టే. తడి చేతులు కొంగుకు తుడుచుకుని సంచి అందుకున్నాను.

"పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన సంచి. మట్టిలో కలవదు. గొర్లకు, పశువులకు అందకుండా పెట్టుకోండి. రాసినది, అజీజా బేగం."

నేను రోజాలో ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చదివాను.