టెస్టరు మీద బొటనవేలు

ముందు బతికున్న తీగ, తర్వాత చచ్చిన తీగ, మళ్ళీ బతికున్న తీగ. సెలూనులో అద్దం కింద మోకాళ్ళ మీద కూర్చుని అదే వరసలో చూసుకుంటున్నాడాయన. పనిచేస్తున్న ప్లగ్గులో టెస్టరు మొన పెట్టి, పిడి చివరనున్న ఇత్తడి బొడిపె మీద బొటనవేలు ఆనించాడు. పిడిలోని చిన్న గాజుగొట్టం ఎర్రగా వెలిగింది. చెడిపోయిన ప్లగ్గులో పెట్టాడు, వెలగలేదు. మళ్ళీ మొదటి ప్లగ్గు దగ్గరికి జరిగాడు.

"ఒకసారి చూశావుగా మామా, మళ్ళీ దేనికి?" అన్నాడు మంగలి, గడ్డం కత్తి గాల్లో ఆడిస్తూ.

"మధ్యలో టెస్టరే చచ్చిపోయిందనుకో. చెడిపోయిన టెస్టరు ఏ తీగనైనా చచ్చిందనే చెప్తుంది. దాని మాట నమ్మి చెయ్యి పెడితే, పోయేది నేను."

"అయితే ఈ కాకులన్నీ తీగల మీద కూర్చుని ఎందుకు పోవు? వాటికీ టెస్టర్లున్నాయా?"

గడ్డం గీయించుకుంటున్నవాడు కదిలి నవ్వబోయి, కత్తి గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఆయన మాత్రం ఈ ప్రశ్న మొదటిసారి విన్నవాడిలాగే జవాబు చెప్పాడు. "కాకి రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉంటాయి. ఒళ్ళు దాటి వెళ్ళడానికి కరెంటుకి అవతల దారి లేదు. దారి లేని చోటికి అది రాదు."

చెబుతూనే మూడోసారి టెస్టరు పెట్టాడు. బొటనవేలు ఇంకా బొడిపె దాకా రాలేదు. గాజుగొట్టం అప్పటికే వెలుగుతోంది.

ఆయన చెయ్యి వెనక్కి తీశాడు, టెస్టరు చొక్కాకి తుడుచుకున్నాడు. వేలు తగిలే ఉంటుందిలే, తనకే తెలియలేదు అనుకున్నాడు. ఈమధ్య ఆ బొటనవేలు తరచూ తిమ్మిరెక్కుతోంది, కళ్ళు కూడా పూర్వంలా లేవు. అయినా ఆ ప్లగ్గు బిగించేటప్పుడు రెండుసార్లు ఆగి టెస్టరు వైపు చూశాడు.

వీధిలో అందరికీ ఆయన టెస్టరు మామయ్య. సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి నిచ్చెన మోసి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. కుడి బొటనవేలి గోరు బిళ్ళలా చదునుగా, పక్కన పాత కాలిన మచ్చతో ఉంటుంది. నోట్లో నాలుక లేని మనిషి అంటారు గానీ, కరెంటు గురించి అడిగితే చాలు, ఆ నాలుక ఎక్కడినుంచో ఊడిపడుతుంది. పెళ్ళి మాట ఎత్తితే మాత్రం నిచ్చెనెక్కి కూర్చునేవాడు. ఎత్తి ఎత్తి అందరూ అలసిపోయారు, ఆయనకీ ఆ వయసు దాటిపోయింది.

ఎవరింట్లో పనిచేసినా ముందుగా ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. తను తీగ పట్టుకుని ఉండగా ఎవరూ తెలియక దాన్ని తిరిగి పెట్టకూడదు కదా. ఇది ఆయనకి కరెంటు పని నేర్పిన బావ, అక్క భర్త, చెప్పిన పద్ధతి. పని అయ్యాక పరధ్యానంలో ఫ్యూజు జేబులోనే పెట్టుకుని వెళ్ళిపోవడం మాత్రం ఆయన సొంత పద్ధతి. పాపం ఇళ్ళవాళ్ళు చీకట్లో ఆయన వెంటపడి పరుగెత్తేవారు. పింగాణీ ఫ్యూజుల బరువుకి జేబులు చిరిగిపోతుంటే అక్క ప్రతి చొక్కా జేబు వెనకా మందపాటి గుడ్డ వేసి కుట్టి ఇచ్చేది. ఇప్పుడు మేనకోడలు కుడుతోంది.

సెలూను పని ముగించి ఆయన అక్క ఇంటికి బయలుదేరాడు. ఇవాళ వెళ్ళక తప్పదు. మేనకోడలు వారం రోజులుగా చెవిలో జోరీగలా పోరుతోంది. ఆ పోరు పడవచ్చు. పడలేనిది అక్క కళ్ళలోకి చూడటం.

సంగతి ఇదీ. బావ పోయాక, బావ పడుకునే ముందుగది మూసేశారు. కొన్నాళ్ళకి మేనకోడలు ఆ గదిలో పాత బల్బు తీసి కొత్త ఎల్ఈడీ బల్బు పెట్టింది. అప్పటినుంచీ రోజూ చీకటిపడే వేళకి, స్విచ్చి వెయ్యకుండానే, ఆ బల్బు సన్నగా వెలుగుతోంది. విరిగిన పాల రంగులో, గోడ మీద నీడ కూడా పడనంత తక్కువ వెలుగు. అక్క రోజూ ఆ వేళకి గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంటోంది. ఆ రోజు ఏం జరిగిందో, ఎవరు వచ్చారో ఆ వెలుతురుకి చెబుతోంది.

తలుపు తీసింది మేనకోడలే. మెడలో కొలతల టేపు, పెదాల మధ్య గుండుసూది. సూది తీసి చెప్పింది.

"మామయ్యా, ఇవాళ తేల్చెయ్యాల్సిందే. మిషను ఆ గదిలో వేస్తేనే నాకు నాలుగు బట్టలు ఎక్కువొస్తాయి. కొలతలకి వచ్చినావిడ మొన్న ఆ బల్బు చూసి గుడ్డ కూడా వదిలేసి పరుగో పరుగు. అమ్మేమో అన్నం మానేసి అక్కడే కూర్చుంటోంది. నాకు భయమేస్తోంది మామయ్యా, నిజంగా."

"బల్బు మార్చి చూశావా?"

"రెండుసార్లు మార్చాను. ఏ బల్బు పెట్టినా వెలుగుతోంది."

అక్క హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూసి నవ్వలేదు. "ఆర్పడానికి వచ్చావా?" అంది.

ఆయన సంచీ కింద పెట్టి, "చూడ్డానికి వచ్చానక్కా" అన్నాడు. తన ప్రాణం అక్కదే, తీగలో తప్పుంటే వదలకూడదన్న తన పని బావదే. ఇద్దరిలో ఎవరి వైపు నిలబడాలో తెలియక ఆయనకి లోపల ఏడుపొచ్చింది.

ఫ్యూజు పెట్టె దగ్గరికి వెళ్ళి ముందుగది ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. గది తలుపు తెరిచాడు. కిటికీలు మూసి ఉన్నాయి, లోపల చీకటి. బల్బు వెలగడంలేదు. మెట్ల దగ్గరికి నడిచి, మెట్లదీపం స్విచ్చి వేసి వెనక్కి వచ్చాడు.

ముందుగదిలో బల్బు వెలుగుతోంది.

కారణం ఇలాంటిదే అయి ఉంటుందని ఆయనకి ముందే తెలుసు. తెలిసి కూడా జేబు తడిమి చూసుకున్నాడు. ఫ్యూజు తన జేబులో ఉంది. దాని బరువు గుండెకి తగులుతోంది. ఆ గదికి రావలసిన కరెంటు రావడంలేదు, అయినా బల్బు వెలుగుతోంది.

అక్క వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. "చూశావుగా" అంది మెల్లగా.

"కూర్చో అక్కా, చెప్తాను." ఆయన స్టూలెక్కి గోడ మీది పెట్టె మూత విప్పాడు. "రెండు తీగలు ఒకే గొట్టంలో పక్కపక్కన పోతున్నాయి. ఒకటి మెట్లదీపానిది, ఇంకొకటి ఈ గది స్విచ్చిది. సాయంత్రం మీరు మెట్లదీపం వేస్తారు. ఆ తీగలో కరెంటుంటే, పక్క తీగ తనకేమీ లేకపోయినా కాస్త అందుకుంటుంది. పాత బల్బుకి అది ఆనదు. ఈ కొత్త బల్బుకి రవ్వంత చాలు."

"ముట్టుకోకుండానే?"

"ముట్టుకోకుండానే. ఏళ్ళ తరబడి పక్కనే పడుకున్నాయి కదా."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అక్క మంచం అంచు మీద కూర్చుంది.

"కరెంటు వచ్చి ఎక్కడికి పోతుందిరా?"

"వచ్చిన చోటికే తిరిగి పోతుంది. తిరిగి పోయే దారి లేకపోతే అసలు రానే రాదు."

"మరి నీ టెస్టరు? దానికి ఒక్క మొనే కదా ఉంది. అదెలా వెలుగుతుంది?"

ఇన్నేళ్ళలో అక్క ఎప్పుడూ ఆయన్ని పని గురించి ఏమీ అడగలేదు. ఆయన స్టూలు దిగి వచ్చి, టెస్టరు ఆమె చేతిలో పెట్టి, ఇత్తడి బొడిపె చూపించాడు. "రెండో మొన మనిషే అక్కా. ఇక్కడ వేలు ఆనిస్తే కరెంటు నాలోంచి నేలలోకి పోతుంది. చీమంత కూడా తెలియదు. వేలు తీస్తే ఆరిపోతుంది. మనిషి లేకపోతే ఇది వట్టి స్క్రూడ్రైవరు."

అక్క ఆ బొడిపె మీద తన బొటనవేలు పెట్టి, తీసి, తిరిగి ఇచ్చేసింది. "నీకు తెలిసినప్పుడు నాకూ తెలిసినట్టే. అమ్మాయికి మిషను కావాలి, గది కావాలి. మీ బావ ఉన్నా అదే అనేవాడు. ఆర్పెయ్" అంది. గొంతు మామూలుగానే ఉంది, మొహం మాత్రం అటు తిప్పుకుంది.

ఆయన మెట్లదీపం ఫ్యూజు కూడా పీకి జేబులో వేసుకున్నాడు. బల్బు వెంటనే ఆరలేదు. ఎవరో వెళ్ళలేక వెళ్ళినట్టు మెల్లగా తగ్గి, ఆరిపోయింది. లోపల మిగిలిన కాస్త కరెంటు అయిపోయేదాకా అలాగే ఉంటుంది. అది కూడా చెప్పవచ్చు. ఆయన చెప్పలేదు.

గోడపెట్టెలో జాయింట్లు బావ చుట్టినవి. చివర ఒక మెలిక ఎడమవైపుకి తిప్పడం బావ అలవాటు. ఎంతమంది పనివాళ్ళ మధ్య కలిపి పెట్టినా ఆ మెలిక ఈయన గుర్తుపట్టగలడు. టేపు ఊడదీస్తుంటే లోపలి రాగి నిన్న చుట్టినంత తళతళలాడుతోంది. కట్టరు పెట్టబోయి ఆగాడు, వేళ్ళతో ఒకసారి తడిమాడు, తర్వాత కత్తిరించాడు. ఎడమచెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా లాగేస్తోంది. పొద్దుటి నిచ్చెన పనిలే అనుకున్నాడు.

మెట్లదీపానికి కొత్త తీగ గోడ బయటినుంచి వేశాడు. క్లిప్పు క్లిప్పుకీ ఆగి ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది. మేనకోడలు టీ తెచ్చి పక్కన పెట్టింది, అది చల్లారిపోయింది. "మామయ్యా, కాసేపు కూర్చో. మొహం పాలిపోయింది" అంటే, "ముందు నీ మిషను గది చూసుకో తల్లీ. రేపు నా చొక్కా జేబుకి ఇంకో గుడ్డ వెయ్యాలి, మళ్ళీ చిరిగేలా ఉంది" అన్నాడు.

పని అయ్యాక మెట్లదీపం ఫ్యూజు తిరిగి పెట్టి, స్విచ్చి వేశాడు. మెట్ల మీద దీపం వెలిగింది. ముందుగది చీకటిగానే ఉంది. మేనకోడలు చప్పట్లు కొట్టబోయి, వాళ్ళమ్మ వైపు చూసి చేతులు దించేసుకుంది.

ఇంక ముందుగది స్విచ్చి పాతబడింది గనక అది కూడా మార్చాలి. ఆ గది ఫ్యూజు ఇంకా జేబులోనే ఉంది. హాల్లో అక్క కుర్చీ పక్కన, గోడకి కింద ఉన్న ప్లగ్గులో టెస్టరు పెట్టి చూసుకున్నాడు. వెలిగింది. వెళ్ళి ముందుగది స్విచ్చి తీగ మీద చూశాడు. వెలగలేదు. ఈసారి ఆ తీగ నిజంగా చచ్చింది.

మూడోసారి చూడటానికి హాల్లోకి వచ్చాడు. నిలబడలేక కుర్చీలో కూర్చున్నాడు. వంగి టెస్టరు ప్లగ్గులో గుచ్చాడు. పిడి మీదనుంచి చెయ్యి తీసి, బొటనవేలికి తిమ్మిరి పోవడానికని ఒకసారి విదిలించాడు. తర్వాత వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు, ఒక్క నిమిషం అనుకున్నట్టు.

అక్క మంచినీళ్ళు తెచ్చింది. "తమ్ముడూ" అంది. గ్లాసు చేతికివ్వబోతే చెయ్యి పట్టుకోలేదు. ఇంకోసారి పిలిచింది. చిన్నప్పుడు నిద్రలేపేటప్పుడు పిలిచినట్టు, చెవి దగ్గర వంగి పిలిచింది. అప్పుడు మేనకోడలు పరుగెత్తుకొచ్చింది.

వీధి చివరి డాక్టరు వచ్చాడు, మంగలి వచ్చాడు, ఇరుగుపొరుగు వచ్చారు. గుండె అన్నాడు డాక్టరు, బాధ తెలిసి ఉండదన్నాడు. పెద్దాసుపత్రిలో కూడా చూపిద్దామని నలుగురు ఎత్తుకుని బండిలోకి చేర్చారు. ఆ హడావిడిలో కుర్చీ ఒకపక్కకి జరిగింది. ఎత్తేటప్పుడు జేబు కుట్టు పిగిలి పింగాణీ ఫ్యూజు నేల మీద పడింది. మంగలి దాన్ని తీసి, ఎవరికివ్వాలో తెలియక, అక్క చేతిలో పెట్టాడు. మేనకోడలు ఏడుస్తూ బండి వెంట వెళ్ళింది.

చీకటిపడింది. ఇంట్లో అక్క ఒక్కతే ఉంది. ఈవేళకి ఆమె కాళ్ళు వాటంతటవే ముందుగది వైపు నడుస్తాయి. గుమ్మంలో నిలబడి చూసింది. మెట్లదీపం వెలుగుతోంది, గదిలో మాత్రం కటిక చీకటి. ఆ వెలుతురు లేదు, అందులోని భర్తా లేడు. తమ్ముడి పనిలో ఎప్పుడూ తప్పు జరగదు, ఇవాళా జరగలేదు. ఎవరికి చెప్పుకోవాలి ఈ రోజు ఏం జరిగిందో? ఆమె ఫ్యూజుని గుప్పిట్లో బిగించి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఏడ్చింది. గోడ పట్టుకుని హాల్లోకి తిరిగి వచ్చింది, కుర్చీ కోసం చీకట్లో తడుముకుంది.

కుర్చీ పక్కన, గోడ కింద, ఒక ఎర్రటి చుక్క కనిపించింది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. తాకలేదు. మధ్యాహ్నం తమ్ముడు చూపించిన చోటు చూసింది, ఇంకా దగ్గరగా వంగి చూసింది.

టెస్టరు ఆయన గుచ్చినచోటే ఉంది. ఇత్తడి బొడిపె మీద ఎవరి వేలూ లేదు, లోపల గాజుగొట్టం ఎర్రగా వెలుగుతోంది.