కట్ చేయని కాల్

మనిషి ఎదురుగా కూర్చో అన్నది నా వృత్తిలో మొదటి పాఠం. 2020 మార్చి తర్వాత ఆ మనిషి కాస్తా తెరలోకి వెళ్లిపోయాడు. కొలోన్‌లో మా పడకగది మూలన బల్ల వేసుకుని, వెనకున్న ఉతికిన బట్టల గుట్ట కనిపించకుండా దుప్పటి కట్టి, ఘోరాలు చూసి వచ్చినవాళ్లకు వీడియోలో మానసిక చికిత్స చేస్తున్నాను. నా పేరు ఊర్మిళ. జర్మన్లకు జర్మన్‌లో, మనవాళ్లకు తెలుగులో. పరాయి భాషలో ఏడుపు సరిగ్గా రాదు.

వీడియో చికిత్సకు ఒక కట్టుబాటు ఉంది. అవతలి మనిషికి ఏమైనా అయితే మనం లేచి వెళ్లి పట్టుకోలేం. అందుకని మొదటిరోజే ఇంటి అడ్రసు, దగ్గరివాళ్ల నంబరు రాయించుకోవాలి. లైను తెగితే నిమిషంలో నేను ఫోన్ చేస్తాను, వాళ్లు ఎత్తాలి. నేను రెండాకులు ఎక్కువ చదివినదాన్ని కదా, అడ్రసుకు రుజువుగా అన్‌మెల్డుంగ్ కాగితం కూడా పంపమంటాను. ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో ఊరి ఆఫీసులో నమోదు చేసి ఇచ్చే కాగితమది. ముద్ర ఉంటే ఇక తిరుగు లేదనుకునేదాన్ని.

వైశాలి కూడా పంపింది. ఫ్రైబర్గ్‌లో మాస్టర్స్ చదువుతున్న సిద్దిపేట పిల్ల. దగ్గరి మనిషిగా స్నేహితురాలు ఉదయశ్రీ నంబరు ఇచ్చింది. ఇద్దరిదీ ఒకే అడ్రసు.

2021 మే నెలలో, కరోనా రెండో వేవ్‌లో, వైశాలి అన్న కమలాకర్ హైదరాబాద్ ఆసుపత్రిలో ఉన్నాడు. అతని స్నేహితుడు ఇస్సాకు ఎవరినో బతిమాలి లోపలికి వెళ్లి, వీడియో కాల్ కలిపి, ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి వచ్చాడు. అన్నాచెల్లెళ్లు మాట్లాడుకుంటూ ఉండగా అన్న ముఖం కదలడం ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుంది వైశాలి. ఫోన్ పట్టుకుని వీధిలోకి పరుగెత్తి, సిగ్నల్ కోసం నలభై నిమిషాలు తిరిగింది. మధ్యలో ఇస్సాకు ఎన్నిసార్లు చేసినా, వీడియో తెగిపోతుందన్న భయంతో కట్ చేసింది. అన్న పోయాడని చెప్పడానికే అతను చేస్తున్నాడు. చివరికి అక్కడి ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

డిసెంబరులో ఒక బుధవారం, మధ్యాహ్నం రెండు గంటలు. మా ఏడో సెషన్. ఆ రోజు జరిగినదాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటినుంచీ చెప్పాలి. జ్ఞాపకం పదును అలాగే తగ్గుతుంది. పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని, ఫోన్‌ను పుస్తకాలకు నిలబెట్టి చెబుతోంది.

“అన్న నవ్వుతున్నడు మేడమ్. తిన్నవా అని అడుగుతున్నడు. నేను తిన్న అంటున్న...”

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో వైఫై చచ్చింది. ఆమె ముఖం నా తెరమీద నిలిచిపోయింది. ఆమె కళ్లు తెరిస్తే నా ముఖం కూడా ఇలాగే నిలిచిపోయి కనిపిస్తుందని తట్టింది.

ఫోన్ చేశాను. రెండు రింగులకు కట్ అయింది. మళ్లీ చేశాను, మళ్లీ కట్. మూడోసారికి అర్థమైంది. తీయలేక కాదు, తనే కట్ చేస్తోంది. ఇప్పుడు నేను ఇస్సాకును.

వైఫై తిరిగి వచ్చేందుకు నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ ఆ డబ్బాను నేను తిట్టిన తిట్లు మా అత్తగారు వింటే మూర్ఛపోయేది. సెషన్‌లోకి తిరిగి వెళ్లగానే పైనుంచి వైశాలి నడినెత్తి కనిపించింది. ఫోన్‌ను చేయెత్తి ఆకాశానికి పట్టుకుని నడుస్తోంది. జుట్టు మీద మంచు. పల్చటి కాటన్ చొక్కా. అడుగున, తెల్లటి మంచులో, చెప్పుల్లేని కాళ్లు. ఫ్రైబర్గ్‌లో ఆ రోజు మైనస్ ఎనిమిది.

“వైశాలీ! నేను ఊర్మిళని. ఇటు చూడమ్మా!”

“అన్నా, ఆగు. జర ముందటికి పోతే సిగ్నల్ దొరుకుతది. కట్ చెయ్యకు అన్నా.”

పక్కగదిలో ఆఫీసు మీటింగులో ఉన్న మావారు భాస్కర్ రావు ఫోన్ లాక్కుని అత్యవసర నంబరు 112కి చేశాను. కొలోన్ వాళ్లు ఫ్రైబర్గ్ వైపు కలిపారు. అడ్రసు గడగడా చదివాను, పోస్ట్‌కోడ్‌తో సహా. పోలీసులు ఏడు నిమిషాల్లో ఆ గుమ్మం ముందున్నారు. ఆపరేటర్ గొంతు తాపీగా వచ్చింది. బెల్ మీద ఆ పేరుంది, తలుపు తీసిన అమ్మాయి మాత్రం ఆమె సామాన్లకు వెళ్లిందని, అంతా బాగానే ఉందని అంటోందట.

నా ఫోన్ నుంచి ఉదయశ్రీకి చేశాను.

“నమస్తే మేడమ్. ఇప్పుడే షాపుకెళ్లిందండీ, వచ్చేస్తుంది.”

“చెప్పుల్లేకుండానా? మంచులోనా? నా కళ్లముందు నడుస్తోందే! అబద్ధమాడకు, అసలెక్కడుంటుంది ఆ పిల్ల?”

గుమ్మం నుంచి పక్కకు జరిగిన అడుగుల చప్పుడు వినిపించింది.

“మేడమ్, పోలీసులు ఇంకా గుమ్మంలోనే ఉన్నారండీ,” అంది గుసగుసగా. “వచ్చే నెల నా వీసా టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉంది. తను ఇక్కడుండదండీ. తనుండే రూమ్‌కి ఓనరు అన్‌మెల్డుంగ్ ఇవ్వనన్నాడు. పాపం కదా అని నాతో ఉంటుందని సంతకం పెట్టాను. తెలిస్తే నన్ను పంపించేస్తారండీ.”

ఆ పిల్లను అనడానికి నాకేం నోరుంది? అద్దె గది దొరకడం ఇక్కడ ఎంత కష్టమో, మన పిల్లలు పేరొక చోట, మంచమొక చోట పెట్టుకుని ఎలా నెట్టుకొస్తారో నాకు తెలియదా? తెలిసీ, ముద్ర చూసి మురిసిపోయాను. తప్పు నాది.

“ఉదయా, నీ వీసా సంగతి తర్వాత నేను నీ పక్కన నిలబడి మాట్లాడతాను. ముందు ఆ రూమ్ ఎక్కడో వాళ్లకు చెప్పు. పది నిమిషాలు ఆలస్యమైతే ఆ పిల్ల మనకు దక్కదు.”

తర్వాత జర్మన్‌లో ఏడుస్తూ చెప్పడం వినిపించింది. స్టేషన్ వెనక వీధి, మూడో అంతస్తు. తనూ కోటు వేసుకుని పరుగెత్తింది.

కానీ వైశాలి బయలుదేరి అప్పటికే పావుగంట దాటింది. గదిలో లేదు. ఎటు వెళ్లిందో ఎవరికీ తెలియదు. చెయ్యి ఊగినప్పుడల్లా తెరలో ఇళ్ల కప్పులు, బూడిదరంగు ఆకాశం తప్ప వీధి పేరు లేదు. నడక తూలుతోంది. పెదవులు నీలంగా మారాయి.

“లైను తెగనివ్వకండి. ఆమె ఎక్కడుందో తెలియడానికి మనకున్నది అదొక్కటే,” అన్నాడు ఆపరేటర్.

ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ లైను ఉన్నంతసేపూ ఈ పిల్ల నడుస్తూనే ఉంటుంది. ఆ రోజు నలభై నిమిషాలు నడిచింది. నేను కట్ చేస్తే ఆ రోజే మళ్లీ జరిగినట్టు. తనే కట్ చేయాలి. చేశాక తిరిగి చేయకపోతే, మంచులో ఏ మూల పడిపోయిందో వెతుక్కోవాలి. నాకు చచ్చేంత భయం వేసింది.

“వైశాలీ,” అన్నాను, ఉన్న గొంతంతా పెట్టి. “కాల్ కట్ చెయ్యి.”

చెయ్యి కొంచెం దిగింది.

“వద్దు. అన్న ఉన్నడు.”

“ఫోన్‌లో ఉన్నది నేను. ఊర్మిళని. నువ్వు కట్ చేస్తే ఎవరూ చావరు. ఎర్ర బటన్ నొక్కి, మళ్లీ నాకు చెయ్యి. నేను ఎత్తుతాను. నేను ఎత్తుతాను తల్లీ.”

మొదటిసారి ముఖం తెరకెదురుగా వచ్చింది. కనురెప్పల మీద మంచు. చాలాసేపు చూసింది. బొటనవేలు దగ్గరికి వచ్చి తెర నల్లబడింది.

ఆపరేటర్ ఏదో అరుస్తున్నాడు. నాకు వినపడలేదు. నా ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో చెప్పలేను.

మోగింది.

“మేడమ్? ఎత్తిన్రా?”

“ఎత్తాను.”

“కాళ్లు మండుతున్నయ్ మేడమ్. నేనెందుకు ఈడున్న?”

“చెబుతాను. ఎదురుగా ఏముంది?”

“అపోతెకె ఉన్నది. మందుల షాపు.”

“లోపలికి వెళ్లు.”

“మాస్క్ లేదు మేడమ్.”

“నీ మాస్క్ తగలెయ్య, పదవే లోపలికి!”

తలుపు గంట వినిపించింది. ఒకావిడ జర్మన్‌లో “మాస్క్!” అని గద్దించి, మరుక్షణం అయ్యో దేవుడా అని కేకపెట్టి, ఎవరినో కుర్చీ తెమ్మంది. షాపు పేరు కనుక్కుని ఆపరేటర్‌కు చెప్పాను. ఉదయశ్రీ వస్తోందని వైశాలికి చెప్పాను. దుప్పటి కప్పుతున్న చప్పుడు, పళ్లు టకటకలాడుతున్న చప్పుడు. నా కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

“మేడమ్.”

“చెప్పమ్మా.”

“ఆ రోజు నేను కట్ చెయ్యలే. అస్సలు కట్ చెయ్యలే. అయినా అన్న సచ్చిపోయిండు.”

ఏడు నెలల్లో ఆ మాట తన నోటితో అనడం అదే మొదటిసారి.

“అవునమ్మా,” అన్నాను. “అయినా పోయాడు.”

అప్పుడు గొంతెత్తి ఏడ్చింది. నేను లైన్లోనే ఉన్నాను.