జపాన్ స్తంభాలకు మిల్లు ముద్ర

బ్రిటిష్ కొలంబియాలో ఏటి ఒడ్డున ఉన్న ఆ రంపపు మిల్లులో కోసేది మెత్తని కలపే గానీ, అక్కడి బతుకు మాత్రం మహా గట్టిది. కెనడా కలప మీద అమెరికా సుంకం పెంచేసరికి సుఖం సున్నా అయింది. మిల్లు మూసేద్దామని వాంకూవర్లో ఉండే యజమాని అంటే, అమ్మకాలు చూసే మావిస్ అడ్డం పడింది.

"మన కలపలో అమెరికా కొనేది కొండంత, జపాన్ కొనేది గుట్టంత. ఒప్పుకుంటాను," అంది ఫోన్‌లో. "కానీ కర్రకి కర్ర పెట్టి చూడండి. మన కర్రని అమెరికావాడు గోడలో పాతి పైన అట్ట కొడతాడు. జపాన్‌వాడు నడింట్లో నిలబెట్టి చుట్టాలకి చూపిస్తాడు. ధర ఎవడెక్కువ ఇస్తాడు?"

యజమాని గొణిగాడు. "ఒక్క లోడు. వాళ్ల మనిషి సరేనంటే మిల్లు నడుస్తుంది. కాదంటే తాళం."

యార్డులో మిగిలిన మేలైన ఫర్ చెట్ల దుంగలన్నీ ఆ లోడుకే కోసేశారు. చిత్రిక యంత్రం చూసే ఒరెస్ట్, మావిస్‌కి వరసకి మరిది. నిగనిగలాడుతూ బయటికొస్తున్న స్తంభాల్ని నిమురుతూ, "ఇవి స్తంభాలు కావు వదినా, రంభలు!" అన్నాడు.

సరుకు చూసుకోడానికి జపాన్ నుంచి ఇనగాకి గారు వచ్చారు. మొదటి కట్ట విప్పి, అరచేత్తో రాసి, మెచ్చుకోలుగా తల ఊపారు. పై స్తంభాన్ని తిప్పారు. తల ఊపడం ఆగిపోయింది.

నల్లసిరాతో ముద్ర. మిల్లు నంబరు, చెట్టు జాతి, రకం. అమెరికా ఇళ్లకు పోయే ప్రతి కర్ర మీదా అది ఉండి తీరాలి. తాతల నాటి నుంచీ ముద్ర లేని కర్ర ఆ గేటు దాటలేదు. వద్దని చెప్పాలన్న ఊహే మావిస్‌కి రాలేదు. ఒరెస్ట్ అయితే, సముద్రం దాటి పోతున్నాయని ముద్రలేసే యంత్రాన్ని కూడా నమ్మలేదు. తానే చేత్తో, సరిగ్గా నడిమధ్యన, అన్నిటికన్నా అందమైన వైపున కొట్టాడు.

"ఇది ఇంట్లో కనబడే వైపండీ," అన్నారు ఇనగాకి, తప్పు తనదే అయినట్టు.

"చిత్రిక పడితే క్షణంలో పోతుంది!" అన్నాడు ఒరెస్ట్.

"కొలత తగ్గుతుంది కదండీ. దీనికి జతపడే దూలాలు అక్కడ ముందే కోసేశారు. అతుకుల్లో బిగువు నిలవదు."

"మళ్లీ కోస్తాం," అంటూ మావిస్ యార్డు వైపు తిరిగింది. అక్కడ బెరడు తప్ప ఏమీ లేదు.

ఆయన రెండో కట్ట విప్పారు, మూడోది విప్పారు. తన కోసం కాదు, వీళ్ల మొహాలు చూడలేక. అన్నిటి మీదా ముద్ర, అదే చోట. చివరికి వంగి కట్టుతాళ్లు తానే బిగించి, నమస్కరించి, కారెక్కారు.

"ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది," అన్నాడు ఒరెస్ట్. "ముద్దరేసి ముంచేశాను వదినా."

"వద్దని నేను చెప్పలేదుగా."

"అడగాలని నాకూ తట్టలేదుగా."

మావిస్ యజమానికి ఫోన్ చేసింది. కేకలేస్తాడనుకుంది. ఆయన అంతా విని, "సరే మావిస్," అని పెట్టేశాడు.

షిఫ్టు దిగిన వాళ్లు కిటికీ అవతల గుమిగూడారు. ఒరెస్ట్ తలుపు దగ్గర నిలబడ్డాడు. "రేపు రమ్మని చెప్పనా?"

రమ్మనడానికి అధికారం లేదు. వద్దనడానికి నోరు లేదు.

"అతిథి కోసం తెచ్చిన డోనట్లు అలాగే ఉన్నాయి," అంది మావిస్. "తినేసి వెళ్లమను."