డాబా నీళ్ళు

భావనపాడులో రాజకుమారికి ఉన్నంత పౌరుషం ఇంకొకరికి లేదు. ఉండి ఏం లాభం, ఇంట్లో గుక్కెడు మంచినీళ్ళు లేవు. నూతిలో ఉన్నవి నోట పెట్టలేని ఉప్పునీళ్ళు. రోజూ బిందె పట్టుకుని తోటికోడలు పద్మకుమారి ఇంటి బోరు దగ్గరికి పోవాల్సిందే. ఆవిడ నీళ్ళు ఎప్పుడూ కాదనలేదు, కానీ మాటలతో కాల్చుకు తినేది.

ఒక రోజు రాజకుమారి నీళ్ళు పడుతుంటే, పద్మకుమారి వీధిలో నలుగురూ వినేలా అంది. "మా మరిదింట్లో ముద్ద దిగాలన్నా మా బోరే దిక్కు."

రాజకుమారికి ఒళ్ళు మండింది. సగం నిండిన బిందె అక్కడే కుమ్మరించేసింది.

"ఇంక సచ్చినా నీ గుమ్మం తొక్కనక్కా" అనేసి వచ్చేసింది.

అన్నాక నిలబెట్టుకోవాలి కదా. భర్త సోములు చేపల వేట నుంచి రాగానే నరసన్నపేట లాక్కుపోయి డ్రమ్మూ, గొట్టాలూ కొనిపించింది. డాబా మీద వాన నీళ్ళు కిందికి పడే మూలన గొట్టం బిగించారు. ఒక బకెట్ అడుగున చిల్లులు పెట్టి, గులకరాళ్ళు, బొగ్గు, ఇసక పొరలుగా నింపి డ్రమ్ము మూతి మీద కూర్చోబెట్టారు. డాబా మీద ఆరబెట్టిన నెత్తళ్ళ చేపలన్నీ ఎత్తేసి, చీపురు అరిగేదాకా డాబా కడిగింది రాజకుమారి. ఇంత చేశాక నీళ్ళు ఎందుకు రావు!

వచ్చాయి. మొదటి వాన పారబోసింది, అది ఎవరైనా చేసేదే. రెండో వానకి డ్రమ్ము నిండింది. గ్లాసుతో ముంచి నోట్లో పోసుకుని, తుపుక్కున ఉమ్మేసింది. ఉప్పు. దాని మీద నీసు వాసన.

ఇసక మార్చింది, బొగ్గు మార్చింది, డ్రమ్ము సబ్బు పెట్టి తోమింది. మూడో వానా అంతే, నాలుగో వానా అంతే. ఆ నీళ్ళతోనే మొండిగా అన్నం వండి భర్తకి పెట్టింది.

సోములు రెండు ముద్దలు తిని కంచం జరిపేశాడు.

"డాబాదే తప్పు. ఇసకలో ఆరబెడితే వర్తకులు రేటు కట్టరని, ఉప్పు పట్టించిన సేపలు పదేళ్ళు దాని మీదే పరిసినాం. గచ్చు లోపలిదాకా ఇంకిపోనాది."

"దాని మీద సేపలు పరవడం మానేద్దాం."

"మానేసి ఏటి తింటాం?"

ఇన్నాళ్ళూ తాగడానికి డబ్బాల నీళ్ళు కొని రాజకుమారి చేతిలో డబ్బులూ అయిపోయాయి. మర్నాడు పొద్దున్న బిందె చంకన పెట్టుకుని, తల దించుకుని బయల్దేరింది. బోరు దగ్గర అప్పటికే నలుగురు ఆడవాళ్ళున్నారు. పద్మకుమారి అరుగు మీద కూర్చుని చేపలు కోస్తోంది.

"ఉప్పగా ఉన్నాయా?" అని తాపీగా అడిగింది. "ఉంటాయి. బోరు తవ్వించక ముందు మేమూ అలాగే డ్రమ్ము కట్టినాం. మా డాబా మీదా సేపలే కదా. ఒక్క సుక్క తాగలేకపోనాం."

రాజకుమారి బిందె కింద పెట్టేసింది. "తెలిసి కూడా ఒక్క ముక్క సెప్పలేదేటక్కా?"

పద్మకుమారి కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

"సెప్పేస్తే, ఇంతమంది ముందు నువ్విలా వచ్చి నిలబడతావేటి?"

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజకుమారి బిందె ఎత్తుకుంది. ఇంట్లో తాగడానికి చుక్క లేదు. వెళ్ళి వాళ్ళ వెనక వరసలో నిలబడింది.