పేరు పిలిచే దుకాణం

ఒగ్గుకథ మధ్యలో ఎవరైనా డబ్బు చదివిస్తే, కథ ఎంత రసపట్టులో ఉన్నా ఆపాల్సిందే. ఇచ్చినవారి పేరూ ఊరూ గొంతెత్తి పిలిచి, దీవించి, అప్పుడు మళ్లీ అందుకోవాలి. బతుకుదెరువుకు వలసెళ్లి బమ్రోలిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేస్తూ కథలు చెప్పే నర్సింగం ఈ విషయంలో మహా మొండి.

గల్లీల్లో కథ పెట్టించేవాళ్లు తగ్గిపోతున్నారని, కూతురు చాందిని ఆయన కథల్ని రికార్డు చేసి ఓ పెద్ద యాప్‌లో అమ్మకానికి పెట్టింది. కాసిని డబ్బులొచ్చాయి. కొన్నదెవరో మాత్రం ఆ కంపెనీ చెప్పదు.

"పేరు తెల్వనోళ్ల పైసలు నాకెందుకు బిడ్డా? తీసెయ్. ఇగ రికార్డు గిట్ట చెయ్య నేను" అన్నాడు నర్సింగం.

అన్నాడంటే అన్నాడే. చాందినికి భయం వేసింది. రికార్డు కూడా లేకపోతే ఆ కథలు ఆయనతోనే పోతాయి.

వెతగ్గా వెతగ్గా పాటలు అమ్ముకునే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. రాసినవాళ్లు కోడంతా అందరి ముందూ పెట్టేశారు. ఎవరైనా ఊరికే తీసుకుని, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. సర్వరు అద్దె ఒక్కటే ఖర్చు. కొనేవాళ్లు నింపడానికి చాందిని మూడు గడులు చేర్చింది: పేరు, ఊరు, చెప్పాలనుకున్న మాట. ఒకసారి తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి. ఒకసారి డబ్బు కట్టకుండానే కథ డౌన్‌లోడ్ అయిపోయింది. సరిచేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"గీ దుకాణం ఎవలది?"

"మనదే బాపు. కొన్నోళ్ల పేరు సీదా నీకే వస్తది. నువ్వు ఆ పేరు పిలిస్తే రికార్డు చేసి, కథ ఎనక అది గూడ పంపుత."

"ఒక్క పేరన్న రానీ, చూద్దాం" అన్నాడాయన, నమ్మకం లేకుండానే.

చాలా రోజులు ఎవరూ రాలేదు. చివరికి ఓ ఆదివారం ఒక పేరు వచ్చింది. చాందిని గట్టిగా చదివింది.

"పేరు పరుశురాం. ఊరు భివండి. 'నా పేరు పిలువొద్దు. మా అమ్మ ఎల్లవ్వ పేరు పిలువుండ్రి. ఎక్కడ కథైనా ముందు కూసునేది. చేతిల పైసలుండకపోయేది. పేర్లు పిలుస్తుంటే తల వంచుకునేది. ఒక్కపారన్న తన పేరు ఇనాలని ఉండె. పోయిన ఏడు సచ్చిపోయింది.'"

నర్సింగం ఇన్నేళ్లూ ఇచ్చే చేతులకేసే చూశాడు. వంచుకున్న తలలు ఒక్కటీ గుర్తు రాలేదు. సిగ్గేసింది.

లేచి తలకు రుమాలు చుట్టి, ఒగ్గు డమరుకం అందుకున్నాడు. ఎల్లవ్వ పేరు మూడుసార్లు పిలిచాడు. మూడోసారి పిలిచి, దీవెన కూడా చెప్పాకే చాందినిని రికార్డు ఆపనిచ్చాడు.

"బిడ్డా, దుకాణంల ఇంకో గడి పెడ్తందుకు అయితదా?"

"ఎందుకు బాపు?"

"పైసలు లేనోళ్లు ఉత్త పేరు రాసి పోతందుకు. వాళ్లను గూడ పిలుస్త."

"మరి కథ?"

"కథ గూడ ఇయ్యి" అన్నాడు నర్సింగం.